నిమ్మకాయ, రూపాయల్లో

లిస్బన్‌లో దిగిన రోజే ఫణీంద్ర భార్యకి గట్టిగా చెప్పాడు. "కొట్లో గల్లాపెట్టె రూపాయల్లో కడతావా అనడిగితే ఒప్పుకోబాక. యూరోలే అను. రూపాయలంటే మారకం పేరుతో అదనంగా కోసేస్తారు." చెవిలో పెట్టుకునే అనువాద యంత్రానికి కూడా నిమిషానికింతని లాగుతారని దాన్నీ ఆపేయించాడు. దాంతో వారం రోజులుగా హైమవతికి మొగుడితో తప్ప ఇంకెవరితోనూ తెలుగులో నాలుగు మాటలు కలిపే వీల్లేకపోయింది.

మనుషులు లేని ఆ కొట్లలో గల్లాపెట్టెలే మాట్లాడేవి. మొహం చూడగానే వచ్చినవాళ్ల ఊరి యాసలోకి దిగిపోయేవి. "ఏమ్మా, బాగుండావా? అన్నం తిన్నావా? రూపాయల్లో కట్టేస్తావా?" యూరోలంటే చాలు, నోరు మూసుకునేవి.

ఆ రోజు నిమ్మకాయలు కొంటూ హైమవతి "రూపాయల్లోనే" అనేసింది. గల్లాపెట్టె సంబరపడిపోయి నెల్లూరు ఎండల గురించీ, చేపల పులుసు గురించీ కాసేపు కబుర్లు చెప్పింది.

కోత సంగతి మణికట్టు మీది గడియారంలో చూసుకుని ఫణీంద్ర మండిపడ్డాడు. "రెండు నిమ్మకాయలకి ఇంత కోతా! దాని సంగతేందో తేల్చుకొనొస్తా" అంటూ కొట్టుకి పోయాడు.

ఎంతకీ రాకపోయేసరికి హైమవతి వెతుక్కుంటూ వెళ్లింది. ఫణీంద్ర గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి నవ్వుతున్నాడు. పక్కన సంచీ నిండా నిమ్మకాయలు. ఒక్కొక్కటీ విడిగా కొన్నట్టున్నాడు.

"పులుసులో మా అమ్మయితే మామిడికాయ వేసేది" అంటున్నాడు దానితో. "ఉండబ్బయ్యా, ఆపబాక. ఇంకోటి తీసుకుంటా. రూపాయల్లోనే."