అన్న మాట

“ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలన్నయ్యా. లేదంటే ఆ ఉద్యోగం నా తర్వాత వరసలో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారట.”

చెల్లెమ్మ మాట పూర్తయ్యేసరికి అన్నయ్య చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

ఇద్దరూ ఒక తల్లి పిల్లలేం కాదు. అతను యజమాని, ఆమె ఉద్యోగి. ఆ ఆఫీసులో ‘సార్’ అనే మాట నిషిద్ధం. “మనది కంపెనీ కాదు, కుటుంబం” అంటూ మొదటిరోజే వరస కలిపేస్తాడు. మగవాళ్ళంతా తమ్ముళ్ళు, ఆడవాళ్ళంతా చెల్లెళ్ళు. చెల్లీ అని పిలవడంలో ఏనాడూ ఆలస్యం లేదు, చెల్లింపుల్లోనే. తమ్ముళ్ళు ఒక్కొక్కరే తట్టాబుట్టా సర్దుకున్నారు. మిగిలింది ఈ చెల్లెమ్మ ఒక్కతే.

పళ్ళ డాక్టర్ల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేసే బుల్లి కంపెనీ అది. ఎవరి పన్ను ఎప్పుడు పీకాలో డాక్టరుకు గుర్తుచేస్తుంది. లాండ్రీ దుకాణం మీద రెండు గదులు. కింద ఇస్త్రీపెట్టెల ఆవిరి, పైన వీళ్ళ ప్రాణాల ఆవిరి. ప్రకటనలకు స్తోమత లేక నోటి మాట మీదే నడుస్తోంది. నోట్లోంచి మాటలైతే రాలుతున్నాయి గానీ, నోట్లే రాలడం లేదు.

అన్నయ్యకో ఊతపదముంది, ‘అన్నమాట’. “అన్న మాటలన్నీ అన్నమాటలే, ఒక్కటీ ఉన్నమాట కాదు” అన్నాడు ఆఖరి తమ్ముడు, పోతూ పోతూ. చెల్లెమ్మ నవ్వింది గానీ నమ్మలేదు. తనకు ఓనమాల దగ్గర్నుంచీ పని నేర్పింది అన్నయ్యే మరి.

“ఏ కంపెనీ?” అన్నాడు అన్నయ్య.

“ఊరవతల అద్దాల మేడ లేదూ? అదే. టీమ్ లీడర్ ఉద్యోగం.”

“ఓహో. వరసలో రెండోవాళ్ళు ఎవరట?”

“చెప్పలేదు. ఎవరైతే మనకేం?”

“అవున్లే, మనకేం.” కప్పు బల్ల మీద పెట్టాడు. మొన్న క్లయింటు కోసమని కట్టుకెళ్ళిన టై ఇంకా కుర్చీకి వేలాడుతోంది. దాని కొస వేలికి చుట్టుకుంటూ అన్నాడు. “సంతోషం తల్లీ. నేనడ్డుపడను. కానీ పెద్ద కంపెనీ అంటే పెద్ద నోరు. అందులో నువ్వో పన్ను అన్నమాట. జీతంలోనూ సగం పన్నే. కాస్త కదిలావో, పీకి పారేసి కొత్తది కట్టించుకుంటారు. పొద్దున్నే ‘లే’ అంటారు, కంప్యూటర్ ‘ఆఫ్’ అంటారు. లేఆఫ్ అంటే అదే అన్నమాట.”

చెల్లెమ్మకు నవ్వొచ్చింది. దాని వెనకే భయమూ వచ్చింది.

“మంచినీళ్ళు తాగాలన్నా కార్డు గీకాలి. నాలుగో అంతస్తులో ఒక్క కిటికీ తెరుచుకోదు.”

“మీరెప్పుడు చూశారు?”

“ఆ మేడలన్నీ ఒక్కలాగే ఏడుస్తాయమ్మా. ఇక్కడ చూడు, నువ్వు తుమ్మితే చిరంజీవ అనడానికి నేనున్నా.”

“కానీ అమ్మ మోకాలన్నయ్యా...” చెల్లెమ్మ గొంతు తగ్గింది. “మెట్లు కూర్చుని దిగుతోంది. చేరిన రోజు నుంచే వాళ్ళ ఇన్సూరెన్స్ వస్తుంది. ఆపరేషన్ చేయించేయొచ్చని...”

అన్నయ్య కళ్ళు చెమ్మగిల్లాయి.

“అమ్మ మోకాలు నాది కాదా? అది నీ ఎదుగుదలకి మోకాలడ్డుతుంటే చూస్తూ ఊరుకుంటానా? ఆపరేషన్ నేను చేయిస్తా. మనకి బోలెడంతమంది డాక్టర్లు.”

“వాళ్ళు పళ్ళ డాక్టర్లన్నయ్యా!”

“డాక్టరుకి డాక్టరు తెలీకపోతాడా! ఇంకోటి విను. ఈ క్షణం నుంచి నువ్వు ఉద్యోగివి కాదు, భాగస్వామివి. సగం కంపెనీ నీదే అన్నమాట.”

చెల్లెమ్మ వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

“మీ అన్నయ్య అంత మాటన్నాక ఇంకేం ఆలోచిస్తావే?” అంది తల్లి. “నేను ఇంకొన్నాళ్ళు కూర్చునే దిగుతాలే. అలవాటైపోయింది.”

అద్దాల మేడకు రెండో ఫోన్. “క్షమించండి, నేను రాలేనండీ” అంది చెల్లెమ్మ. ఆమె ఫోన్ పెట్టేసేదాకా అన్నయ్య పక్కనే నిలబడి విన్నాడు. తర్వాత తల మీద చెయ్యి పెట్టాడు.

“నా కడుపు నింపావు తల్లీ” అన్నాడు.

చెల్లెమ్మ కళ్ళు తుడుచుకుని కుర్చీ లాక్కుంది. ఒక డాక్టరు దగ్గర సాఫ్ట్‌వేర్ తిక్క వేషాలేస్తోంది. పీకేసిన పన్నునే మళ్ళీ పీకమంటోందట. నిన్నటిదాకా అది కంపెనీ తప్పు. ఇవాళ్టినుంచీ సగం తన సొంత తప్పు. రెట్టించిన హుషారుతో పనిలో పడింది.

అన్నయ్య జేబులో ఫోన్ మోగింది. “క్లయింటు” అని గొణిగి, కుర్చీకున్న టై అందుకుని మెట్ల మీదికి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేసి ఫోన్ చెవికి ఆనించాడు.

“సార్, మేం మొదట ఎంచుకున్న అమ్మాయి ఇప్పుడే రానన్నారు, తర్వాతి పేరు మీది కనక ఆ టీమ్ లీడర్ ఉద్యోగం ఇక మీదే అన్నమాట!”