కుర్చీల గట్టు

రెండు కాళ్ల మీద నడిచే మనిషి కనబడితే చాలు, పక్షులన్నీ లేచిపోయే రోజులొచ్చాయి. చక్రాల కుర్చీల దగ్గరికి మాత్రం వాటంతటవే వస్తాయి. అందుకే కొల్లేటి గట్టు మీదికి ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లనే రానిస్తున్నారు.

తుంటి విరిగిన దమయంతి రోజూ అక్కడికి వచ్చేది. ఒక గూడబాతు ఆమె ఒళ్లో ముక్కు ఆనించి కునుకు తీసేది. ఆ ఉదయం కాళ్లలోకి ఎక్కడలేని బలం వచ్చినట్టనిపించి, ఆమె కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

గట్టంతా ఒక్కసారిగా మూగబోయింది. పక్షులన్నీ తలలు తిప్పి ఆమెనే చూశాయి.

"నిలబడ్డానండీ!" అంది పక్క కుర్చీలోని సత్తిరాజుగారితో, ఆనందం పట్టలేక.

"చూశానమ్మా. ఇక కూర్చో," అన్నారాయన పెదవులు కదిపీ కదపకుండా. "ఎగిరిపోయాయంటే మళ్లీ రావు."

"మీకూ నయమవుతుందండీ."

"నాకెప్పుడో నయమైపోయింది తల్లీ."

దమయంతి తల వంచి చూసింది. ఆయన చెప్పులు మడమ దగ్గర బాగా అరిగిపోయి ఉన్నాయి. ఆ పక్క కుర్చీలో ఆవిడవీ అంతే. గట్టు పొడుగునా, ఎవరి పాదాల కింద చూసినా అరిగిన చెప్పులే. తనవి మాత్రమే కొత్తవి.

ఆమె మోకాళ్లు వాటంతటవే వంగాయి. గూడబాతు ముందుకొచ్చి, బరువైన ముక్కును మళ్లీ ఆమె ఒళ్లో పెట్టింది.