జిరాక్సులో పోయిన లైను

“ఇది ఎవురు రాసినారు?” లోహిత గొంతు పెంచింది.

చేతిలో అప్పుడే స్టేపిల్ కొట్టిచ్చిన ఇంగ్లిషు గ్రామర్ నోట్సు. ఒక పేజీ అడుగున పెన్సిల్‌తో కొత్తగా ఒక లైను.

“నేనే పాపా. జిరాక్సులో అడుగు లైను పోయినాది. అందుకని రాసినా” అంది బల్ల దగ్గర కూర్చున్న నడివయసావిడ.

కోచింగ్ సెంటరు మెట్ల కింద, జిరాక్సు కొట్టు బయట ఆ బల్ల. అందరూ ఆమెను స్టేపిల్ అక్క అనేవాళ్లు. పేరు అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ.

లోహితకు ఒళ్లు మండింది. నగరిలో మరమగ్గం మీద నేసే నాయన కడుపు కట్టుకుని తనను తిరుపతి పంపింది ఒక్క టీచరు ఉద్యోగం కోసం. డీఎస్సీ రాసేవాళ్లకు ఢిల్లీబాబు సారు చేతిరాత నోట్సంటే వేదం. అందులో ఏ ఉదాహరణ చూసినా కుప్పమ్మే. ‘కుప్పమ్మ వాక్స్ ఫాస్ట్. కుప్పమ్మ వాక్స్ ఫాస్టర్ దాన్ ద బస్.’ హాస్టల్లో నవ్వుకుంటూనే బట్టీ పట్టేవాళ్లు.

‘లీ’తో ముగిసే మాటలకు ముందు మోర్, మోస్ట్ పెట్టాలని నోట్సులో ఉంది. ‘ఎర్లీకి మాత్రం ఎర్లియర్, ఎర్లియెస్ట్’ అంటోంది పెన్సిల్ లైను.

“సార్ రాసినదాన్ని నువ్వు దిద్దేదేంది?”

ఆమె ఏదో చెప్పబోయి, పైన సారు గదికెళ్లే మెట్ల వైపు చూసి మళ్లీ స్టేప్లర్ అందుకుంది.

లోహిత నేరుగా సారు గదికి వెళ్లింది. సారు పెన్సిల్ లైనునూ పై లైన్లనూ మార్చి మార్చి చూశాడు. ముఖం మాడిపోయింది.

“చెరిపెయ్‌మ్మా.”

“తప్పా సార్?”

“స్టేపిల్ కొట్టేటోళ్లకి గ్రామర్ తెలుస్తాదా?”

నిజమే కదా అనిపించింది లోహితకు. రబ్బరు కూడా ఆయనే ఇచ్చాడు.

ఆ సాయంత్రమే స్టేపిల్ అక్కను పనిలోంచి తీసేశారు. టిఫిన్ క్యారియర్ పట్టుకుని వెళుతూ లోహిత దగ్గర ఆగింది.

“ఆ లైను మర్చిపోవద్దు పాపా.”

లోహిత మొహం తిప్పుకుంది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. ‘మోర్ ఎర్లీ’ దగ్గర గుర్తు పెట్టింది. అర మార్కులో ఉద్యోగం పోయింది.

నమ్మించి గొంతు కోశాడని ఏడుస్తూ సారు ముందు నిలబడింది.

“జిరాక్సులో లైను పోతే నేనేం చేసేదమ్మా?” ఆయన ఫోనులోంచి తల ఎత్తలేదు.

“చెరిపెయ్యమన్నది మీరే కదా సార్?”

“నాకు క్లాసుండాది” అంటూ లేచిపోయాడు.

లోహిత కాళ్లీడ్చుకుంటూ మెట్లు దిగింది. సారు మీద కోపం కన్నా, ఆమెను తనే పనిలోంచి తీయించానన్న బాధే ఎక్కువగా ఉంది.

“స్టేపిల్ అక్క యాడుంటాది మామా?” అని జిరాక్సు కొట్టు మునిరామయ్యను అడిగింది.

“ఏర్పేడు పక్క ఏదో పల్లె. ఫోను కూడా ఎత్తడంలే” అంటూ ఆయన కొత్త బ్యాచి కోసం అరలోంచి ఒక కాగితాల కట్ట దించాడు.

నోట్సు అసలు ప్రతి. నీలం సిరా ఇంకా మెరుస్తోంది. లోహిత ఆ పేజీ తీసింది. మిషను మింగేసిన అడుగు లైను అక్కడ చెక్కుచెదరకుండా ఉంది.

‘ఎర్లీకి మాత్రం ఎర్లియర్, ఎర్లియెస్ట్. కుప్పమ్మ గెట్స్ అప్ ఎర్లియెస్ట్.’

“ఇంత బాగా తెలిసి రాసిన సారు, చెరిపెయ్యమని ఎందుకన్నాడు మామా?”

“సారు రాసేదా!” మునిరామయ్య నవ్వాడు. “ఆయప్ప సంతకం తప్ప ఏం రాస్తాడమ్మా? నాలుగేండ్లు ఈ బల్లకాడ కూసోని, ఈ నోట్సంతా రాసింది మా కుప్పమ్మే.”