వెనకాలే వచ్చిన బండి

“ఎక్కండమ్మా, ఇక చాలు. మీరొక్కరే మిగిలారు,” అన్నాడు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి.

“నేను మిగిలితే నీకేం పోయింది నాయనా? నీ పని నా వెనకాల రావడం. రా,” అంది కుట్టు టీచరు, వెనక్కి తిరగకుండానే.

పరుగు పందెంలో అందరికన్నా ఆఖరున వచ్చే వ్యాను అది. ఇక మావల్ల కాదన్నవాళ్లను ఎక్కించుకుని చివర దింపడం దాని పని. ముందున్న జనం ఎప్పుడో కనుమరుగైపోయారు. వంతెన దాకా రోడ్డంతా ఖాళీ. ఆ రోడ్డు మీద నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుని, కొత్త తుంటితో పరిగెడుతున్న ఆవిడ, ఆవిడ వెనకాల ఈసురోమంటూ వ్యాను.

కిందటేడు కుడి తుంటి కీలు తీసేసి కొత్తది వేశారు. మెల్లగా పరిగెత్తితే తనకేం అభ్యంతరం లేదన్నాడు డాక్టరు. అభ్యంతరమంతా ఇంట్లో ఆయనదే. ఆయన తాళాలు బాగుచేస్తాడు. ఎంత మొండి తాళమైనా ఆయన చేతిలో చిటికెలో తెరుచుకుంటుంది గానీ, పెళ్లాం దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకవు. పొద్దున్నే గుమ్మంలో పెద్ద రాద్ధాంతం చేశాడు.

“పడితే? మళ్లీ వాకరు పట్టుకుని నడుస్తావా? నేను మళ్లీ చూడలేనే.”

“పడను.”

“ఆ వెనకాల బండెక్కే వస్తావు, చూస్తూండు.”

“ఆ బండెక్కితే ఇక జన్మలో ఈ బూట్లు తొడగను. సరేనా?”

“మాట మీద ఉంటావా?”

“ఉంటాను.”

“అయితే అటక మీద వాటికి చోటు చూసి ఉంచుతా,” అని విసురుగా కొట్టుకు వెళ్లిపోయాడు.

నొప్పి వస్తే కింది పెదవి కొరుక్కోవడం ఆవిడ అలవాటు. ఆ ఏడాదంతా పెదవి పుండుపడి ఉండేది. ఇవాళ ఇంతదూరం వచ్చినా ఆ అవసరం రాలేదు. ఆ సంతోషంతోనే వంతెన మొదట్లో నీళ్లిచ్చే బల్ల దాకా వచ్చింది. అక్కడ ఒకమ్మాయి బల్ల మడుస్తూ తలెత్తి చూసింది.

“అయ్యో, ఇంకా ఉన్నారా? అందరూ అయిపోయారనుకుని నీళ్లు పారబోశామండీ.”

పాపం ఆ పిల్ల మామూలుగానే అంది. టీచరు మాత్రం ఒక్కసారిగా నీరుగారిపోయింది. కాలు బాగానే ఉంది, ఊపిరీ బాగానే ఉంది, మనసే కూలబడింది. ఎవరూ చూడని చోట, ఎవరూ ఎదురుచూడని చోటికి, ఈ వయసులో ఎందుకీ ఆరాటం అనిపించింది. ఆగిపోయింది. వ్యానూ ఆగింది.

“తలుపు తియ్యి నాయనా. ఎక్కుతాను.”

ముందు సీటు నిండా ఖాళీ డబ్బాలు. వెనక అద్దాలకు నల్ల ఫిల్ము. పక్కనున్న జరుపుడు తలుపు పిడి పట్టుకుని లాగింది. కదల్లేదు. రెండు చేతులా లాగింది. రవ్వంత జరిగి, మళ్లీ టక్కున మూసుకుపోయింది.

డ్రైవరు వెనక సీటు వైపు ఓసారి చూసి, ఏదో చెప్పబోయి మింగేశాడు. “జామైనట్టుందమ్మా.”

“ఇందాక ఎక్కమని నా ప్రాణం తీశావుగా?”

“ఇందాక బాగానే ఉందమ్మా.”

“దిగొచ్చి తియ్యి మరి.”

“అది నావల్ల అయ్యే పని కాదమ్మా,” అన్నాడు వాడు, నవ్వు ఆపుకుంటున్న మొహంతో.

“మా ఆయనుంటే చిటికెలో తీసేవాడు,” అంది కసిగా. అన్నాక ఆలోచిస్తే, ఆయనుంటే తలుపు తీసి, కూర్చోబెట్టి, ఇంటికి తీసుకెళ్లి బూట్లు అటక కూడా ఎక్కించేవాడు. ఆ అటక గుర్తుకు రాగానే ఒళ్లు మండిపోయింది.

“నీ బండి నువ్వే ఊరేగించుకో,” అని వంతెన వైపు తిరిగింది.

అంత ఎత్తు వంతెన ఆవిడ ఎలా ఎక్కిందో చూసి తీరాలి. భుజాలు దించి, చేతులు దగ్గరగా ఊపుతూ, చిన్న చిన్న అడుగులతో, కుట్టు మిషను మీద గట్టి బట్ట కుట్టేటప్పుడు చూపించే ఓపికంతా చూపించింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా కుంటలేదు. వంతెన దిగేసరికి మొహంలో కోపం పోయి వెలుగొచ్చింది.

చివర్లో గుడారం కర్రలు పీకుతున్నారు. ఆవిణ్ణి చూసి ఒకడు మిగతావాళ్లను కేకేశాడు. చుట్టేసిన రిబ్బను మళ్లీ విప్పి, ఇద్దరు చెరో కొసా పట్టుకున్నారు. కర్రలు కింద పడేసి అందరూ చప్పట్లు కొట్టారు. రిబ్బను తెంచుకుంటూ వెళ్లి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆవిడ చిన్నపిల్లలా నవ్వింది.

ఊపిరి కుదుటపడ్డాక, డ్రైవరుకి నాలుగు వడ్డిద్దామని వ్యాను దగ్గరకు వచ్చింది. పిడి మీద చెయ్యి వేసిందో లేదో, తలుపు వెన్నలా జరిగిపోయింది.

లోపల ఆయన. ఒళ్లో మడిచిన పాత వాకరు. అరచేతులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

“మీరా పట్టుకుంది?” ఆవిడ ఆ చేతుల వంక చూసింది. “ఎక్కనిచ్చుంటే పొద్దున్నటి పందెం మీరే గెలిచేవారుగా?”

“నువ్వు పెదవి కొరుక్కుని ఉంటే తీసేవాణ్ణే,” అని చేతులు ఊదుకున్నాడాయన. “ఇన్నేళ్లూ జనానికి తలుపులు తెరిచిపెట్టడమే నా పని. ఒక తలుపు మూసి పట్టుకోవడం ఇంత కష్టమని ఇవాళే తెలిసింది.”