చివరి పేజీలో అమ్మ

ఆ దివాణంలో అందరూ కవులూ నవలాకారులే. చెల్లెలు ఒక్కతే చరిత్ర రాస్తుంది. ఎవరి పుస్తకమైనా ఆమె దిద్దాకే అచ్చుకు వెళ్తుంది. ఈసారి అన్నగారు అమ్మ జీవితం రాశాడు.

"తాతగారు గెలిచిన యుద్ధాల్లో సగం నీ ఎర్రకలమే ఓడించేసింది. అమ్మనైనా కాస్త వదిలెయ్యి తల్లీ," అన్నాడు.

ఆమె నవ్వలేదు. చివరి పేజీలో ఒక వాక్యం కొట్టేసింది: "ఆఖరి రోజున కూతురు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది."

"అబద్ధం అన్నయ్యా. ఆ రోజు నేను ఊళ్లోనే లేను. పాత దస్తావేజులు చూసుకుంటూ కూర్చున్నాను. నీ కబురు మర్నాడు అందింది."

"తెలుసు."

"తెలిసీ రాశావా? నన్ను మంచిదాన్ని చేద్దామనా?"

"అది నా మాట కాదమ్మా. అమ్మకు చూపు ఆనలేదు. నర్సు చెయ్యి పట్టుకుని నువ్వే అనుకుంది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, 'అమ్మాయి వచ్చేసింది, రాసుకో' అని నాచేత డైరీలో రాయించింది. కాదనలేకపోయాను."

ఆమె కాగితాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఏడుపు రాలేదు.

"తేదీ వేయించిందా?" అని అడిగింది.

"వేయించింది."

కొట్టేసిన మాటల కింద చుక్కలు పెడితే, వాటిని అలాగే ఉంచమని అచ్చువాళ్లకు గుర్తు. ఆమె ఒక్కొక్క చుక్కే పెట్టుకుంటూ వెళ్లింది.