మీసం మీద పందెం

పందెం మామూలుది కాదు. ఓడినవాడు మీసం తీసేయాలి.

తాడేపల్లిగూడెంలో ఫణికిరణ్, ఏలూరులో అతని స్నేహితుడు క్రాంతి కుమార్. ఇద్దరూ కంప్యూటర్లో ఆటల కోసం ఒకే రకం గ్రాఫిక్స్ కార్డు కొన్నారు. దాని మెమరీ టైమింగ్స్ ఎవరు బాగా బిగిస్తే వాడే మొనగాడు.

టైమింగ్స్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. కార్డు మెమరీని ఏదైనా అడిగాక, జవాబు కోసం కాసేపు ఆగుతుంది. ఆ ఆగడం తగ్గిస్తే ఆటలో బొమ్మలు పరుగెడతాయి. మరీ తగ్గిస్తే లెక్కలో తప్పులు దొర్లుతాయి. అందుకే షరతు పెట్టుకున్నారు. రాత్రంతా పరీక్ష నడవాలి, ఒక్క తప్పూ రాకూడదు. ఆదివారం పొద్దున్నకల్లా స్క్రీన్ ఫొటో పంపాలి.

ఫణికి భయమేమీ లేదు. పగలంతా ఆడి చూశాడు, కార్డు బుద్ధిగా నడిచింది. రాత్రి పరీక్ష మొదలుపెట్టి, తల్లి మాణిక్యానికి మరీ మరీ చెప్పాడు.

"అమ్మా, ఇది ఆగిందంటే నా మీసం పోయినట్టే."

"తెల్లార్లూ నడుస్తూనే ఉంటుందా నాన్నా?"

"ఉండాలి."

"అయితే నువ్వు నిశ్చింతగా పడుకో. స్విచ్చి ఎవర్నీ ముట్టుకోనివ్వను. నేను చూసుకుంటాగా!"

ఆ మీసమంటే ఆవిడకీ ప్రాణమే. అచ్చం ఆవిడ నాన్నగారి మీసం.

పొద్దున్న ఫణి లేచేసరికి మాణిక్యం వంటింట్లో ఉంది. స్క్రీన్ నిండా ఎర్రటి తప్పులు. పైగా కార్డు రాత్రంతా కుంపటిలా కాలినట్టు అంకెలు చూపిస్తున్నాయి.

అత్యాశకి పోయానేమో అనుకుని టైమింగ్స్ కాస్త వదులు చేశాడు.

"ముందు తిను. ఏడుపు తర్వాత" అంది తల్లి ప్లేటు చేతికిస్తూ.

అల్లప్పచ్చడితో ఇడ్లీ. దుఃఖంలో కూడా మరో రెండు అడిగాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. క్రాంతి ఫోన్ చేసి పగలబడి నవ్వాడు.

"అంత వేడెక్కిపోతోందంటే నీకు ఎవరో పాత సరుకు అంటగట్టార్రా!"

"పగలు బంగారంలా ఉంటోందిరా. రాత్రైతేనే పూనకం వస్తోంది."

ఫణి పెట్టె విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపాడు. ఫ్యాన్లు తుడిచాడు. మాణిక్యం ఊరుకుంటుందా? ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి కంప్యూటరుకి దిష్టి తీసింది. అతను వద్దనలేదు. మీసం మీదికొచ్చాక మొక్కని దేవుడుండడు.

శనివారం నాటికి పౌరుషం చల్లారింది. బిగింపులన్నీ తీసేసి, కంపెనీవాళ్లు ఇచ్చిన టైమింగ్సే పెట్టేశాడు. గెలవకపోయినా పరవాలేదు, పరీక్ష నెగ్గితే సమానమని బతిమాలుకోవచ్చు.

ఆదివారం పొద్దున్న స్క్రీన్ మళ్లీ ఎర్రబడింది. ఏలూరు నుంచి మాత్రం ఒక్క తప్పూ లేని ఫొటో వచ్చింది. వెనకాలే వీడియో కాల్.

"కానీరా, కళ్లారా చూస్తాను."

ఫణికి నిజంగానే ఏడుపొచ్చింది. అద్దం ముందు నిలబడి, కళ్లు మూసుకుని రేజరు పెట్టాడు. బోసిపోయిన కొడుకు మొహం చూసి మాణిక్యం కొంగుతో కళ్లొత్తుకుంది.

అప్పుడే పక్కింటి ప్రసన్నకుమారి టీచరు, ఇడ్లీలు పంపిన గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. ఫణి తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని ఓ మూలకి జరిగాడు.

"ఏవండీ మాణిక్యం గారూ, ఏమీ అనుకోకండి. పోయిన నెల మీ ఇడ్లీలు కొరకాలంటే పళ్లు కదిలేవి. ఈ వారం ఏంటండీ, నోట్లో పెడితే కరిగిపోతున్నాయి! ఈ చలికి మా పిండి అసలు పొంగి చావట్లేదు. ఏం కలుపుతున్నారో చెప్పరూ?"

అంత దిగుల్లోనూ మాణిక్యం మొహం వెలిగింది. ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"కలిపేదేముందండీ, మావాడు పడుకున్నాక పిండిగిన్నెని ఆ కంప్యూటరు నెత్తిమీద పెట్టి, వేడి బయటికి పోకుండా రగ్గు కప్పేస్తున్నాను."