ముట్టని టీ

నడుం సన్నటి గాజు గ్లాసులు పద్దెనిమిది, గోదాములో బల్ల మీద వరసగా పొగలు కక్కుతున్నాయి.

ఇరాక్ ఎంబసీ అధికారి నాజిమ్ తన సొంత ఆకుతో దగ్గరుండి కాయించిన టీ అది. సరిహద్దు కంచె దాటబోయి పరాయి దేశంలో చిక్కుకుపోయి, రెండు వారాలుగా ఉడికించిన బంగాళాదుంపలు తప్ప వేరే రుచి ఎరగని ఇరాక్ కుర్దులకు ఆ వాసనకే కళ్ళు చెమ్మగిల్లాయి.

కుర్దులకంటూ దేశం లేదు, ఎంబసీ ఎక్కడా లేదు. మంచికీ చెడుకీ బాగ్దాద్ ప్రభుత్వం పంపిన మనిషే దిక్కు.

సాయంత్రం విమానం ఉంది. ఇంటికి తీసుకెళ్ళేది ఇక అదొక్కటే. బస్సు గుమ్మం ముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

జాబితాలో పద్దెనిమిది పేర్లున్నాయి. బెస్తూన్ మాస్టారి పేరుంది, అతని భార్య తలార్ పేరుంది. తలార్ ఒళ్ళో ఉన్న ఇరవై రోజుల పాప పేరు లేదు.

పాప పుట్టింది అడవిలో, రెండు దేశాల కంచెల నడుమ. మా నేల మీద పుట్టలేదు పొమ్మంది ఈ దేశం. మావైపూ పుట్టలేదు అంది అవతలి దేశం. పుట్టిన కాగితం లేనిదే మా దేశపు పిల్ల అని ఎలా రాసేది అంటాడు నాజిమ్.

ఎవరి మాట వాళ్ళకు న్యాయంగానే ఉంది. మధ్యలో పాప అడకత్తెరలో పోకచెక్క అయింది.

అరబ్బీ వచ్చినవాడు బెస్తూన్ ఒక్కడే. నాజిమ్ చెప్పింది అతనే అందరికీ కుర్దీలో చెప్పాలి. పాప సంగతి తేలేదాకా తల్లో తండ్రో ఇక్కడే ఉండిపోవాలట.

చీమన్ అంతా విని, తన గ్లాసు తెచ్చుకుని నేల మీద చతికిలబడింది.

రానియా పట్నం దగ్గర కానీస్పీ ఊరి మంత్రసాని ఆమె. ఆ రాత్రి అడవిలో పాపకు బొడ్డు కోసింది ఆమే. దారం దొరక్క తన తలగుడ్డ పోగులే పీకి ముడి వేసింది.

ఇంటికి వెళ్ళాలని ఆమెకున్నంత ఆశ ఆ గోదాములో ఎవరికీ లేదు. మంచుకు ఆమె కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి. ఈ చలిలో ఇంకో నెల ఉంటే పాదమే పోతుందని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

ఆమె గ్లాసును పెదవుల దాకా తీసుకెళ్ళలేదు. ఎదురుగా నేల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

వాళ్ళ వైపు పిల్లనడగడానికి వెళ్ళినా, పాత పగకు రాజీ అడగడానికి వెళ్ళినా, అడిగినదానికి మాట దక్కేదాకా టీ ముట్టరు. టీ అలాగే చల్లారితే, ఆ తలవంపులు టీ పోసిన ఇంటివాడికే.

ఆమె పక్కనున్న ముసలాయన కూడా గ్లాసు దించాడు. తర్వాత అతని కోడలు దించింది. చూస్తుండగానే పద్దెనిమిది గ్లాసులూ నేల మీదికి వచ్చేశాయి.

ఆకలితో మాడిన తన జనాన్ని చూసి చీమన్‌కు ఎన్నడూ లేనంత గర్వం కలిగింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఈ దేశపు అధికారి వాచీ మీద వేలితో కొట్టి చూపించాడు. పది నిమిషాల్లో బస్సు కదులుతుందట, ఎక్కనివాళ్ళు ఇక్కడే పడి ఉంటారట.

"ఆయన గడియారం ఆయనది, నా టీ నాది. అలాగే చెప్పు నాయనా," అంది చీమన్ బెస్తూన్‌తో.

నాజిమ్ నేల మీది గ్లాసులనే చూస్తున్నాడు. అతనికి కుర్దీ ఒక్క ముక్క రాదు. కానీ ఇరాక్ దక్షిణాన వాళ్ళ నాన్న చావడిలో అతిథులు ముట్టకుండా కింద పెట్టిన కప్పుల్ని చిన్నప్పుడు చాలాసార్లు చూశాడు. వాళ్ళ నాన్న ఆ కప్పుల్ని ఎన్నడూ చల్లారనివ్వలేదు.

అతను వచ్చి చీమన్ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

"ఎక్కడ పుట్టిందని రాయమంటావమ్మా? ఏదో ఒక ఊరు రాయాలి కదా."

బెస్తూన్ అది కుర్దీలో అడిగాడు.

"నా చేతుల్లో పుట్టింది. ఈ చేతులు ఏ ఊరివో ఆ ఊరే రాయమను."

ఈ సంతకానికి రేపు ఎవరు జవాబు చెబుతారని ఈ దేశపు అధికారి గట్టిగానే అడిగాడు. నాజిమ్ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూపించాడు. ఉద్యోగం మీదికి రావచ్చని అతనికి తెలుసు.

సంచిలోంచి ఖాళీ పత్రం తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. పాప పేరు బెఫ్రీన్. ఊరు కానీస్పీ. సాక్షి దగ్గర చీమన్ వేలిముద్ర వేయించి, కింద తన ముద్ర కొట్టాడు.

తర్వాత ఆమె గ్లాసు వైపు చెయ్యి చూపి అరబ్బీలో చిన్న మాట ఏదో అన్నాడు. బెస్తూన్ దాన్ని కుర్దీలో చెప్పబోయాడు.

చెప్పాల్సిన పని లేకపోయింది. చీమన్ అప్పటికే గ్లాసు ఎత్తింది.

టీ సగం చల్లారిపోయింది. ఆఖరి చుక్క దాకా నిదానంగా తాగింది.

బయట బస్సు హారన్ కొడుతూనే ఉంది.

చీమన్ ఖాళీ గ్లాసు నాజిమ్ ముందుకు జరిపి, ఇంకొంచెం పొయ్యమంది.